లుఖ్మాన్ దగ్గర నేర్చుకున్నాకే గ్రీకులు ఫిలాసఫర్లు అయ్యారా? పాత ముస్లిం పండితులు ఈ మాట నమ్మే చెప్పారా, లేక గేట్ పాస్ కోసం అల్లారా?

హకీంసాబ్_మనవడు:
అందరికి నమస్తె, సలాం. చాన రోజుల నుంచి ఒక డౌటు తొలుస్తున్నది, ఇక్కడ చదువుకున్నోళ్లు ఉన్నరు కద అని పెడుతున్న.

మా దాదా నల్గొండ దిక్కు యునానీ హకీం. మాకు చిన్నప్పుడు లుఖ్మాన్ హకీం (ఖురాన్‌ల పేరున్న జ్ఞాని) కథలు చెప్పెటోడు. లుఖ్మాన్ అడివిల నడుస్తుంటె ఒక్కొక్క చెట్టు నేను ఫలానా రోగానికి మందు అని నోరిప్పి చెప్పేదంట, ఆయన దగ్గర యునాన్ దేశపోళ్లు (అంటె గ్రీకులు) నేర్చుకున్నరంట, వాళ్ల నుంచి అఫ్లాతూన్ అరస్తూ (అదే ప్లేటో, అరిస్టాటిల్), అట్లట్ల మన అల్మారల ఉన్న మందు దాక వచ్చిందంట. నేను ఇదంత ముసలాయన కల్పన అనుకున్న. ఈ మధ్య తెలిసిందేందంటె ఇది వెయ్యేండ్ల కింద ఖురాసాన్‌ల అబుల్ హసన్ ఆమిరీ (992ల పోయిండు) అనే పెద్ద ఫిలాసఫర్ రాసిన మాట. ఎంపెడాక్లిస్ అనే గ్రీకు ఫిలాసఫర్ షామ్ దేశం (అంటె సిరియా) వచ్చి దావూద్ నబీ (ప్రవక్త డేవిడ్) కాలంల లుఖ్మాన్ దగ్గర చదువుకున్నడు, పైథాగరస్ ఈజిప్టుల సులేమాన్ నబీ (సోలమన్) మనుషుల దగ్గర నేర్చుకున్నడు, ఆ తర్వాత సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్. ఈ ఐదుగురే అసలు హకీంలు అంటడు ఆమిరీ. ఈ ఇల్మ్ (విద్య) అంత 'నుబువ్వత్ గూడు' నుంచి వచ్చిందని, అంటె ప్రవక్తలు పెట్టిన దీపం గూట్లకెల్లి వచ్చిన వెలుగు అని.

నా డౌటు సింపుల్. వీళ్లు నిజంగనే నమ్మి రాసిండ్రా, లేకపోతె గ్రీకు పుస్తకాలు చదివితె మత పెద్దలు ఊకోరని ముందుగాల ఒక పర్మిషన్ లెటర్ రాసుకున్నరా? నేనైతె నమ్మిండ్రనే అంట.

లెక్కల_పంతులు:
ముందు లెక్క చూద్దామండీ. దావూదు అంటే సుమారు క్రీ.పూ. 1000. ఎంపెడాక్లిస్ క్రీ.పూ. 5వ శతాబ్దం. మధ్యలో ఐదొందల ఏళ్లు. మీ ఆమిరీ గారి లెక్క ప్రకారం కృష్ణదేవరాయల ఆస్థానంలో మా తాతయ్య పద్యాలు చదివినట్టు. పైథాగరస్‌కీ సోలమన్‌కీ మధ్య కూడా నాలుగొందల ఏళ్ల గ్యాప్ ఉంది. ఇదేవీ పొరపాటున జరిగింది కాదని నా ఉద్దేశం, ఎందుకంటే ఇలాంటి చుట్టరికాలు కలపడం ఆమిరీతో మొదలవ్వలేదు, ఆయన గురువుకి గురువు వరసయ్యే అల్ కిందీయే (బాగ్దాదు, 873 ప్రాంతంలో పోయాడు) ఇంకా పెద్ద పని చేశాడు. యునాన్ అనే మూలపురుషుడు, అంటే గ్రీకుల తాత, దక్షిణ అరబ్బుల మూలపురుషుడు ఖహ్తాన్‌కి సాక్షాత్తూ తమ్ముడని చెప్పాడట! మస్ఊదీ అనే చరిత్రకారుడు ఈ ముచ్చట రాశాడు. ఇక్కడ మజా ఏవిటంటే కిందీ గారిది కిందా తెగ, అది ఖహ్తాన్ వంశమే. అంటే అరిస్టాటిల్‌కీ తనకీ గోత్రాలు కలిపేసుకున్నాడు. అప్పట్లోనే ఒక కవి, యునాన్‌ని తెచ్చి ఖహ్తాన్‌కి అతికిస్తావా అని వెక్కిరిస్తూ పద్యం కూడా కట్టాడు.

సంబంధం కుదుర్చుకోవాలంటే ముందు చుట్టరికం వెతుకుతాం చూడండి, అదే ఇది. గేట్ పాస్. నో డౌట్.

బెంచీ_చివర:
"మీరు ఫలానా ఊళ్లో ఫలానా వాళ్లకి ఏవవుతారు" బాపతు అన్నమాట 😀

రవళి_నెల్లూరు:
పంతులు గారు, కిందీ గురించి సగమే చెప్పారు. అదే కిందీ, ఖలీఫా ముఅతసిమ్‌కి (833 నుంచి 842 దాకా ఏలినాయన) రాసిచ్చిన పుస్తకంలో ఏమన్నాడో కూడా చెప్పండి. సత్యం ఎక్కడినుంచి వచ్చినా సరే, మనకి సంబంధంలేని దూరపు జాతుల నుంచి వచ్చినా సరే, మెచ్చుకోడానికీ తీసుకోడానికీ సిగ్గుపడకూడదు అన్నాడు. చుట్టరికమే గేట్ పాస్ అనుకుంటే ఈ మాట రాయాల్సిన పనేంది ఆయనకి?

ఇంకో సంగతి. మీరిద్దరూ ఆమిరీ ఒక్కడే మొత్తం ఇస్లాం అన్నట్టు మాట్లాడుతున్నారు. ఫారాబీ అనే ఫిలాసఫర్ని (950లో పోయాడు) చూడండి. ఆయన చెప్పిన రూట్‌లో ఒక్క ప్రవక్త కూడా లేడు. ఈ విద్య పూర్వం కల్దియన్ల దగ్గర ఉండేదట, వాళ్లు ఇరాక్ వాళ్లు, అక్కడ్నించి ఈజిప్టు, తర్వాత గ్రీకులు, తర్వాత సిరియన్లు, తర్వాత అరబ్బులు. అంతే. అది కూడా "అంటుంటారు" అని మొదలుపెడతాడు, నేను గ్యారంటీ ఇవ్వను అన్నట్టుగా. ఆపైన మనదాకా వచ్చిన ఫిలాసఫీ మాత్రం ప్లేటో అరిస్టాటిల్ నుంచే వచ్చింది అని గట్టిగా చెప్తాడు. అంటే ఖచ్చితంగా తెలిసిన దగ్గర ఖచ్చితంగా, విన్న దగ్గర విన్నట్టు. నాకు ఆ మనిషి మీద గౌరవం పెరిగింది అక్కడే.

ఇంకా బాగుండేది ఆయన చెప్పిన రెండో కథ. అలెగ్జాండ్రియాలో పాఠాలు నడుస్తుండేవి, క్రైస్తవం వచ్చాక బిషప్పులు కూర్చుని లాజిక్ పుస్తకాలు ఫలానా అధ్యాయం వరకే చెప్పండి, ఆ తర్వాతది మతానికి హాని అని ఆపించారు, తర్వాత చదువు ఆంటియోక్‌కి మారింది, చివరికి ఒకే ఒక్క మాస్టారు మిగిలాడు, ఆయన దగ్గర ఇద్దరు శిష్యులు, ఒకడిది హర్రాన్, ఒకడిది మర్వ్, పుస్తకాలు చంకన పెట్టుకుని చెరో దిక్కు పోయారు. ఫారాబీ గురువు యుహన్నా బిన్ హైలాన్ ఆ పరంపరలో వాడే. ఆయన దగ్గర ఫారాబీ ఆ ఆపించిన అధ్యాయాలు కూడా దాటి చదివాడు. ఇది ఎవరి వంశవృక్షమో కాదబ్బా, సిలబస్ చరిత్ర!

(మనవడు గారికి ఒక చిన్న కానుక: కల్దియన్ల మాట ఉన్న ఆ ఫారాబీ అరబ్బీ పుస్తకాన్ని అచ్చేసింది మన హైదరాబాద్‌లోనే, 1345 హిజ్రీ, అంటే 1926 ప్రాంతంలో. 1888లో పెట్టిన దాయిరతుల్ మారిఫ్ వాళ్లు. ఇప్పుడది ఉస్మానియా క్యాంపస్‌లో ఉంది.)

హకీంసాబ్_మనవడు:
అరె వా. నేను డిగ్రీ మూడేండ్లు ఆ క్యాంపస్‌లనే తిరిగిన, ఆ బిల్డింగ్ ఎదురుంగ చాయ్ తాగిన గని లోపటికి పోలె ఎన్నడు.

జంబూద్వీపం:
అందరూ గ్రీకు, ఈజిప్టు అంటున్నారు గానీ అసలు విషయం దాస్తున్నారు. స్పెయిన్‌లోని టొలీడో ఖాజీ (న్యాయమూర్తి) సాయిద్ అల్ అందలుసీ 1068లో స్పష్టంగా రాశాడు, ప్రపంచంలో విద్యలు సాధించిన జాతులు ఎనిమిది, అందులో మొట్టమొదటిది భారతదేశం అని. వివేకానికి గని అన్నాడు. ముస్లిం ఖాజీయే ఒప్పుకున్నాక ఇంక చర్చ ఏముంది? అన్నీ ఇక్కడినుంచే వెళ్లాయి. క్లోజ్ చేసేయండి.

బెంచీ_చివర:
వచ్చేశాడండీ అన్నీ మన వేదాల్లోనే బ్యాచ్

కర్నూలు_ఖాజా:
జంబూద్వీపం అన్నా, నువ్వు చెప్పింది అబద్ధం కాదు, కానీ సగం చదివి ఆపేసినావు. సాయిద్ చెప్పిన ఎనిమిది జాతులు: హింద్, పార్సీలు, కల్దియన్లు, యునానీలు (గ్రీకులు), రూమీలు (రోమన్లు), ఈజిప్టు వాళ్లు, అరబ్బులు, యూదులు. హింద్ ముందు పెట్టినాడు, పొగిడినాడు, కరెక్టే. అయితే దేనికి పొగిడినాడు? లెక్కలకి, నక్షత్ర శాస్త్రానికి, కలీలా దిమ్నాకి (అదేప్పా మన పంచతంత్రం), చదరంగానికి. సింద్‌హింద్ అనే మన సిద్ధాంత గ్రంథం 770ల్లో ఖలీఫా మన్సూర్ దర్బారుకి పోయింది, అది నిజమే, గర్వపడాల్సిందే. కానీ ఆయనే, వాళ్ల దేశం మాకు చానా దూరం కాబట్టి వాళ్ల పుస్తకాలు మాదాకా తక్కువ వచ్చినాయి అని కూడా అన్నాడు. అంటే ఆయప్ప టొలీడోలో కూచోని రాసినాడు, ఈ దేశం మొగం చూడలేదు.

చూసినోడు ఒకడుండాడు. అల్ బిరూనీ. 1030 ప్రాంతంలో హింద్ మీద పుస్తకం రాసినాడు, సంస్కృతం నేర్చుకున్నాడు, పతంజలిని అరబ్బీలోకి తిప్పినాడు. ఆయన ఏమన్నాడంటే, గ్రీకులకీ హిందువులకీ ఆలోచనలు చానా కలుస్తాయి, కానీ గ్రీకులకి సోక్రటీస్ లాంటోళ్లు ఉన్నారు, మామూలు జనం నమ్మకాలనీ శాస్త్రాన్నీ వేరుచేసి శుభ్రం చేసినారు, ఇక్కడ ఆ పని చేసేవాళ్లు లేకపోయినారు, అందుకే ముత్యాలు పేడ కలిసిపోయి ఉండాయి అన్నాడు. నాకూ ఆ మాట గుచ్చుకుంటాది అన్నా, మనది కదా. కానీ దూరం నుంచి పొగిడినోడి మాట పట్టుకోని, దగ్గరికొచ్చి చదివినోడి మాట వదిలేస్తే ఎట్ల?

ఇంకో తమాషా. షహ్రస్తానీ (1153లో పోయినాడు) దీన్ని తిరగేసినాడు. పైథాగరస్ శిష్యుడు ఖలానూస్ అనే ఆయన హింద్‌కి వచ్చి ఇక్కడోళ్లకి ఫిలాసఫీ చెప్పినాడంట! ఇప్పుడు చెప్పు, దీన్నీ ఒప్పుకుందామా? ముస్లిం పండితుడే కదా రాసింది.

జంబూద్వీపం:
అది కల్పితం.

కర్నూలు_ఖాజా:
అదే నేనూ అంటాండా అన్నా. మనకి నచ్చింది చరిత్ర, నచ్చంది కల్పితం అయితే ఇంక చర్చ ఎందుకు.

లెక్కల_పంతులు:
ఖాజా గారి పుణ్యమా అని నా పాయింట్ ఇంకా బలపడింది. చూడండీ, ఎవరి అవసరం వాళ్లది. ఇరాన్ వాళ్ల కథ చెప్పనా? బాగ్దాదు నగరానికి 762లో ముహూర్తం పెట్టినవాళ్లలో నౌబఖ్త్ అనే పార్సీ జ్యోతిష్కుడు ఉన్నాడు. ఆ కుటుంబం వాళ్లు ఏం రాశారంటే, అలెగ్జాండర్ ఇరాన్‌ని జయించినప్పుడు అక్కడి పుస్తకాలన్నీ గ్రీకులోకీ ఖిబ్తీలోకీ (ఈజిప్టు వాళ్ల పాత భాష) రాయించుకుని, అసలువి తగలబెట్టించాడు, తర్వాత అర్దషీర్, షాపూర్ అనే రాజులు హింద్, చైనా, రూమ్ నుంచి మళ్లీ పోగుచేశారు అని. అంటే గ్రీకు పుస్తకం అనువాదం చేస్తే అది పరాయి సొత్తు తెచ్చుకోవడం కాదట, దొంగ ఎత్తుకుపోయిన మన సామాను మనం విడిపించుకోవడమట! యేల్ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేసిన గుటాస్ లాంటి వాళ్లు ఎప్పట్నుంచో చెప్తున్నారు, అబ్బాసీ ఖలీఫాలకి ఈ కథ రాజకీయంగా బాగా పనికొచ్చిందని, ఎందుకంటే తాము పాత ఇరాన్ చక్రవర్తులకి కూడా వారసులం అని చూపించుకోవాలి కదా.

మామూన్ కల సంగతి సరేసరి. ఇబ్న్ నదీమ్ 987లో పుస్తకాల జాబితా రాస్తూ ఈ కథ పెట్టాడు. ఖలీఫా మామూన్‌కి కలలో అరిస్టాటిల్ కనిపించాడు. మంచి అంటే ఏవిటండీ అని అడిగితే, బుద్ధికి మంచి అనిపించింది అన్నాట్ట. తర్వాత? ధర్మశాస్త్రానికి మంచి అనిపించింది. తర్వాత? జనానికి మంచి అనిపించింది. తర్వాత? తర్వాత ఇంకేం లేదు. ఆ వరస గమనించారా, బుద్ధి ముందు, ధర్మశాస్త్రం తర్వాత. కలలో కూడా ప్రోటోకాల్! కాబట్టి ఖలీఫాకి ఒక పాస్, పార్సీ వాడికి ఒక పాస్, అరబ్బుకి ఒక పాస్, ధర్మపరుడికి ఒక పాస్. నాలుగు పాసులూ నాలుగు రకాలుగా ఉన్నాయంటేనే అర్థం కావట్లా, ఏదీ ఒరిజినల్ కాదని.

రవళి_నెల్లూరు:
పాసుల మాట బాగుంది గానీ మీ లాజిక్‌లో ఒక బొక్క ఉంది పంతులు గారు. ఈ "గ్రీకులు ప్రవక్తల దగ్గర నేర్చుకున్నారు" అనే మాట ముస్లింలు కనిపెట్టింది కాదు. వాళ్లకంటే ఆరేడొందల ఏళ్ల ముందే ఉంది. 2వ శతాబ్దంలో నుమేనియస్ అనే ఆయన, ముస్లిమూ కాదు, ప్లేటోని ఆరాధించే తత్వవేత్త, ప్లేటో అంటే గ్రీకులో మాట్లాడే మోజెస్ (యూదుల ప్రవక్త) కాక ఇంకేంది అన్నాడు. అలెగ్జాండ్రియా క్లెమెంట్ అనే క్రైస్తవ పండితుడు గ్రీకులు యూదుల దగ్గర కొట్టేశారనే రాశాడు. ఆఖరికి ప్లేటో కూడా ఒకచోట ఈజిప్టు పూజారి చేత, మీ గ్రీకులు ఎప్పుడూ చిన్నపిల్లలే అని చెప్పిస్తాడు. కాబట్టి ఆమిరీకి ఇది రెడీమేడ్‌గా దొరికింది, తను చదివే పుస్తకాలతో పాటే వచ్చింది. అల్లి పాస్ తయారుచేశాడు అనడం కరెక్ట్ కాదు. అప్పట్లో చదువుకున్నవాళ్లందరికీ తెలిసిన జనరల్ నాలెడ్జ్ అది. మీ నాలుగు పాసుల్లో కనీసం ఈ ఒక్కటీ ఇంపోర్టెడ్.

లెక్కల_పంతులు:
ఒప్పుకుంటా. అయినా ఇంపోర్టెడ్ పాస్ కూడా పాసేనండీ.

హకీంసాబ్_మనవడు:
పంతులు గారు, ఒకటి అడుగుత చెప్పుండ్రి. పాస్ అన్నది ఎందుకు? లోపటికి పోనిస్తరని, పానం మీదికి రాదని. మరి సుహ్రవర్దీ అనే ఫిలాసఫర్ సంగతేంది? ఆయన చెప్పిన సిల్‌సిలా (గురుపరంపర) చూడుండ్రి: హెర్మిస్ అనే పాతకాలపు జ్ఞాని నుంచి మొదలై పైథాగరస్, ప్లేటో, ఈజిప్టు సూఫీ జున్నూన్ దాక ఒక పాయ, ఇంకో దిక్కు ఇరాన్ పాత రాజులు కయూమర్స్, ఫరీదూన్, కైఖుస్రో నుంచి బాయజీద్ బిస్తామీ, హల్లాజ్ అనే సూఫీల దాక ఇంకో పాయ. అనాది నుంచి పులిసిన పిండి ముద్ద లెక్క అంటడు, కొంచెం కొంచెం తీసి తర్వాతి పిండిల కలుపుకుంట పోయినట్టు. మజూసీ (అగ్నిని పూజించే) రాజుల పేర్లు, మరణశిక్ష పడ్డ హల్లాజ్ పేరు, ఇవి పెట్టుకుంటె ఏ గేటు తెరుస్తరు? 1191ల హలబ్‌ల (సిరియాల అలెప్పో) ఆయన్ని చంపిచ్చిండ్రు, సలాహుద్దీన్ కొడుకు పాలనల, నలభై ఏండ్లు కూడ నిండలె. గేట్ పాస్ కోసం అయితె గసొంటి పాస్ ఎవడన్న రాసుకుంటడా? నమ్మిండు కాబట్టె రాసిండు.

బెంచీ_చివర:
ఈ పాయింట్‌కి నేను కూర్చున్న చోట్నుంచి లేచి చప్పట్లు

కర్నూలు_ఖాజా:
నేను రెండు మాటలు చెప్పి పోతా, నైట్ షిఫ్ట్ ఉండాది.

ఒకటి. లుఖ్మాన్ నబీ (ప్రవక్త) కాదు అని ఎక్కువమంది ఉలమా (మత పండితులు) అభిప్రాయం. ఖురాన్ 31వ సూరా ఆయన పేరు మీదే ఉంది, ఆయనకి హిక్మత్ (జ్ఞానం) ఇచ్చినాం అని ఉంది, వహీ (దైవవాణి) ఇచ్చినాం అని లేదు. ఇది చిన్న మాట కాదప్పా. ఇంద్రీస్ నబీని హెర్మిస్ అన్నవాళ్లు ఉన్నారు (సారీ, ఇద్రీస్, ఆటో కరెక్ట్), బల్ఖ్ నుంచి వచ్చిన జ్యోతిష్కుడు అబూ మఅషర్ (886లో పోయినాడు) అయితే హెర్మిస్‌లని ముగ్గురిని చేసినాడు, మొదటాయన జలప్రళయం కంటే ముందు, అది వస్తుందని తెలిసి శాస్త్రాలన్నీ ఈజిప్టులో గుడి గోడల మీద చెక్కించినాడంట, రెండో ఆయన బాబిలోన్‌లో పైథాగరస్ గురువు, మూడో ఆయన మళ్లా ఈజిప్టులో. ఆ కథలో ఫిలాసఫీ నేరుగా ప్రవక్త సొత్తు. ఆమిరీ కథలో ఎంపెడాక్లిస్ గురువు ప్రవక్త కాదు, ప్రవక్త కాలంలో ఉన్న జ్ఞాని. దావూద్ పక్కింటాయన. దూరమూ కాదు, సమానమూ కాదు. అంత జాగ్రత్తగా పేరు ఎంచుకున్నాడంటే ఏదో తెలిసే చేసినాడు. ఇక్కడ నేను పంతులు గారి పక్క.

రెండు. అదే కథని ఉల్టా వాడినవాళ్లు ఉండారు. ఇమామ్ గజాలీ (1111లో పోయినాడు) ఏమన్నాడంటే, ఫిలాసఫర్ల రాజనీతిలో ఉండే మంచి అంతా ప్రవక్తల గ్రంథాల నుంచి తీసుకున్నదే, నీతిశాస్త్రం సూఫీల మాటల నుంచి తీసుకోని తమ మాటల్లో కలుపుకున్నారు, తమ సరుకు అమ్ముకోడానికి అన్నాడు. అంటే ఆమిరీ చేతిలో చుట్టరికం పత్రం, గజాలీ చేతిలో దొంగతనం కేసు. ఒకే కాగితం. అంతకుముందే ఇరాన్‌లోని రయ్ పట్నంలో ఇద్దరు రాజీలు కొట్లాడుకున్నారు, డాక్టర్ అబూబక్ర్ రాజీ దేవుడు అందరికీ బుద్ధి సమానంగా ఇచ్చినాడు ప్రవక్తలతో పనిలేదు అంటే, ఇస్మాయిలీ పండితుడు అబూ హాతిమ్ రాజీ, నీ మందుల జ్ఞానం కూడా ప్రవక్తల నుంచి వచ్చిందే, మనిషి తనంతట తను ఏ ఆకు ఏం చేస్తుందో కనిపెట్టలేడు అన్నాడు. మనవడు తమ్ముడూ, మీ దాదా చెప్పిన మాట్లాడే చెట్ల కథ ఎవరి పార్టీయో చూసుకో 😀

లెక్కల_పంతులు:
ఖాజా భాయ్, షిఫ్ట్ మధ్యలో టీ బ్రేక్ దొరికితే ఇంకోటి చెప్పండి. ఈ గొడవ అసలు అక్కర్లేదు, ఎవడు కనిపెడితే ఏంటి అన్నవాళ్లు లేరా?

కర్నూలు_ఖాజా:
లేకేం. ఇబ్న్ రుష్ద్. కార్డోబా ఖాజీ, 1198లో పోయినాడు. ఖుర్బానీ కత్తి మాట చెప్పినాడు. జిబహ్ (మతం ప్రకారం కోయడం) సక్రమంగా జరిగిందా లేదా అని చూస్తాం గానీ ఆ కత్తి మన మతం వాడిదా కాదా అని చూడం, కత్తి పదును సరిపోతే చాలు. తర్కం కూడా అంతే, ఇస్లాం కంటే ముందోళ్లు తయారుచేసి పెట్టినారు, నిజమైతే తీసుకుందాం, తప్పైతే చెప్తాం. ఆయనకి లుఖ్మాన్ అక్కర్లేదు, ఖహ్తాన్ తమ్ముడు అక్కర్లేదు. ఖాజీ కదా, ఫిఖ్‌హ్ (మత న్యాయశాస్త్రం) భాషలోనే తెగ్గొట్టినాడు. టీ అయిపోయింది.

రవళి_నెల్లూరు:
ఖాజా అన్న చెప్పిన కత్తి మాట నాకు ఈ మొత్తం చర్చలో బాగా నచ్చింది. కానీ అది ఎంతమంది ఒప్పుకున్నారు అనేది చూడాలి. బాగ్దాద్‌లో 932 ప్రాంతంలో మంత్రి సమక్షంలో జరిగిన వాదన తెలుసు కదా, తర్కం చెప్పే మత్తా అనే నెస్టోరియన్ క్రైస్తవుడికీ, వ్యాకరణం పండితుడు సీరాఫీకీ. సీరాఫీ అడిగింది అసలు కత్తి మీదే: ఇది అందరికీ పనికొచ్చే కత్తి అంటున్నావు, కాదు, ఇది గ్రీకు భాషా వ్యాకరణం, గ్రీకు చేతికి సరిపోయే పిడి వేసి ఉంది, పైగా నీకు గ్రీకే రాదు, సిరియాక్ (అక్కడి క్రైస్తవుల భాష) నుంచి తర్జుమా చేసుకుంటున్నావు! మత్తా ఆరోజు ఓడిపోయాడనే రాశారు (రాసింది సీరాఫీ అభిమాని తౌహీదీ అనుకోండి, మ్యాచ్ రిపోర్ట్ హోం టీం వాళ్లు రాసినట్టు). ఇంగ్లీష్ మీడియం గొడవల్లో మనం వాడే వాదనలన్నీ ఆ ఒక్క సాయంత్రమే అయిపోయాయి.

నాకు అనిపించేది, "ఎక్కడ పుట్టింది" అని వాళ్లు అడిగినప్పుడు అసలు అడుగుతున్నది "ఇది ఒక జాతి అలవాటా, మనిషి అన్నవాడందరిదా" అని. ఫారాబీ నాలుగు దేశాలు తిప్పి చెప్పడం కూడా అందుకే అయ్యుంటుంది. కల్దియా, ఈజిప్టు, గ్రీసు, సిరియా అని ఇల్లు మారుతూ వచ్చిందంటే ఏ ఇంటిదీ కాదనేగా.

బెంచీ_చివర:
చివర బెంచీవాడు కూడా ఒకటి చదివాడండోయ్. బస్రాలో 10వ శతాబ్దంలో ఇఖ్వానుస్ సఫా అని పేర్లు దాచుకుని రాసిన గుంపు ఒకటుంది, వాళ్ల కథలో జంతువులు మనుషుల మీద జిన్నుల రాజు దగ్గర కేసు వేస్తాయి. అక్కడ గ్రీకు వాడు లేచి మా సైన్సులు, మా ఫిలాసఫీ అని డబ్బా కొడతాడు. ఒకడు లేచి అడుగుతాడు, ఇవన్నీ టాలమీల (ఈజిప్టుని ఏలిన గ్రీకు రాజులు) కాలంలో ఇజ్రాయెల్ పండితుల దగ్గర కొంత, ఈజిప్టు వాళ్ల దగ్గర కొంత తీసుకుని మీ ఊరు పట్టుకెళ్లి మీ పేరు పెట్టుకున్నారు కాదా? రాజు గ్రీకు వైపు చూస్తాడు, ఏమంటావయ్యా అని. వాడు బుకాయించకుండా నిజమే అంటాడు, మేము మాకు ముందువాళ్ల దగ్గర తీసుకున్నాం, మా దగ్గర ఇంకోళ్లు తీసుకున్నారు, లోకంలో చదువులు అలాగే చేతులు మారతాయి అంటాడు. ఇన్ని పేజీలు కొట్టుకున్నాం, జిన్నుల కోర్టులో ఒక్క వాయిదాలో తేలిపోయింది.

జంబూద్వీపం:
అయితే అందులో హింద్ వాళ్లు లేరా?

బెంచీ_చివర:
ఉన్నాడన్నా హింద్ ఆయన కూడా. ఆయనా డబ్బా కొట్టుకున్నాడు. అక్కడా అక్షింతలు పడ్డాయి 😀

లెక్కల_పంతులు:
నేను మొదట "నో డౌట్" అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. సుహ్రవర్దీ దగ్గర నా థియరీ నిలబడట్లేదు, రవళమ్మ చెప్పిన నుమేనియస్ దగ్గర కుంటుతోంది. కానీ కిందీ దగ్గర మాత్రం నిలబడుతుంది, నౌబఖ్త్ వాళ్ల దగ్గర ఇంకా గట్టిగా నిలబడుతుంది. అందర్నీ ఒకే గాటన కట్టడం నా తప్పు.

పోనీ ఆఖరి వాడు ఇబ్న్ ఖల్దూన్‌ని చూద్దామా? 1377లో రాస్తూ, ఈ చదువులు ఏ ఒక్క మతానికీ సంబంధించినవి కావు, మనిషి ఆలోచించే జంతువు కాబట్టి సహజంగానే అందరికీ వస్తాయి అంటాడు. బాగా మొదలెట్టాడు అనుకుంటే మళ్లీ అలెగ్జాండర్ ఇరాన్ రాజు దారాని చంపాక ఇరాన్ పుస్తకాలు గ్రీకులకి పోయాయట అని పాత కథ ఎత్తుకుంటాడు, గ్రీకుల గురుపరంపర లుఖ్మాన్ నుంచి 'పీపాలో ఉండే సోక్రటీస్'కి వచ్చిందంటారు అంటాడు. పీపాలో ఉన్నది డయోజెనిస్ అనే ఇంకో గ్రీకు ఫిలాసఫర్ అండీ బాబూ! అంత బుర్ర ఉన్నాయన, నాలుగొందల ఏళ్ల తర్వాత కూడా లుఖ్మాన్‌ని వదల్లేకపోయాడు. ఆయనకి గేట్ పాస్ అవసరం కూడా లేదు, ఆ పుస్తకంలోనే ఫిలాసఫర్లని ఉతికి ఆరేశాడు. మరి ఎందుకు పెట్టుకున్నాడు ఆ పేరు? దీనికి నా దగ్గర సమాధానం లేదు.

హకీంసాబ్_మనవడు:
పంతులు గారు, మీరు అట్ల అంటె నాకు మా దాదా యాదికొచ్చిండు. ఖాజా భాయ్ అడిగిండు కద దాదాది ఏ పార్టీ అని, రాత్రి మా ఫుప్పూకి (మేనత్తకి) ఫోన్ చేసిన. ఆమె అన్నది, ఊర్ల కొంతమంది మందు తీస్కునేటందుకు వెనకాముందు ఆడేటోళ్లు, హిందువులు ఇది తురకల మందా అని, మనోళ్లేమో ఇది అల్లాని నమ్మని యునానోళ్ల మందట కద అని. హిందువులకి దాదా చరకుడు సుశ్రుతుడు కూడ ఇందుల ఉన్నరమ్మ అని చెప్పెటోడంట, మనోళ్లకి లుఖ్మాన్ పేరు చెప్పెటోడంట. అంటె పాసే. పంతులు గారి మాట మా ఇంట్లనే రుజువైంది, నవ్వుకుండ్రి.

గని మాకు చెప్పింది వేరె. కరెంటు పోయిన రాత్రుళ్లు మిద్దె మీద పండుకోబెట్టి చెప్పెటోడు, అప్పుడు పేషెంట్లు లేరు, అడిగేటోడు లేడు. నేను ఐదో తరగతి, నాకేం గేటు? ఒక్కొక్క చెట్టు పేరు చెప్పుకుంట, అది లుఖ్మాన్‌తోని ఏమన్నదో గొంతు మార్చి చెప్పెటోడు, వేప గొంతు వేరె, ఉసిరి గొంతు వేరె.

రవళి_నెల్లూరు:
ఉసిరి గొంతు ఎలా ఉండేదబ్బా?

హకీంసాబ్_మనవడు:
పుల్లగ 😀 ముసలామె గొంతు అక్కా, ముందుగాల తిట్టినట్టుండి ఎనకనుంచి తియ్యగ మాట్లాడేది. సరె, సోమవారం సెలవు పెట్టిన, ఆ దాయిరతుల్ మారిఫ్‌కి పోయి ఫారాబీ పుస్తకం ఇంక దొరుకుతదేమో అడుగుత. అరబ్బీ చదువరాదు నాకు, ఖాజా భాయ్, పేజీ ఫోటో పెడితె ఆ "అంటుంటారు" అన్న మాట ఏడున్నదో చూపిస్తవా?

కర్నూలు_ఖాజా:
పెట్టు తమ్ముడూ. పుస్తకం చివరి పేజీల్లో ఉంటాది, కల్దానియ్యీన్ అనే పదం వెతుకు, దాని పక్కనే.